చార్మినార్ వీధుల్లో నడిచేవారికి నాలుగు మాటలు

(జిల్లాల నుంచి వచ్చిన ముస్లిం యువతీ యువకుల శిక్షణ శిబిరంలో, పాతబస్తీ సందర్శనకు ముందు రోజు సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)



రేపు ఫజర్ నమాజు తర్వాత మీరంతా చార్మినార్ ప్రాంతానికి బయలుదేరుతున్నారు. అక్కడ ఏం చూడాలో, ఏం తినాలో నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. నేను చరిత్రకారుణ్ణి కాను. ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఏళ్లకు పైగా దస్త్రాలు మోసిన గుమాస్తాను. పదవీ విరమణ తర్వాత బస్తీల్లో పింఛను అర్జీలు, రేషన్ కార్డు అర్జీలు, వక్ఫ్ కాగితాల నకళ్ల కోసం దరఖాస్తులు రాసిపెడుతున్నాను. అందువల్ల ఏ కట్టడాన్ని చూసినా దాని వెనక ఉన్న కాగితం ఎక్కడుందా అని వెతకడం నాకు అలవాటైపోయింది. ఆ దృష్టితోనే మాట్లాడతాను, మన్నించండి.

మీలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడే ముస్లింలు. నల్గొండ, ఖమ్మం, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి వచ్చారు. 'పాతబస్తీ' అనే మాటను మీరు మొదటిసారి ఎక్కడ విన్నారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. సినిమాలో విని ఉంటారు, లేదా పత్రికలో చదివి ఉంటారు. ఆ మాట పక్కనే ఉద్రిక్తత, కర్ఫ్యూ, సోదాలు అనే మాటలు ఉండి ఉంటాయి. లేకపోతే బిర్యానీ, హలీమ్ అనే మాటలు ఉండి ఉంటాయి. భయపెట్టడానికి ఒక పాతబస్తీ, నోరూరించడానికి ఇంకొక పాతబస్తీ. ఈ రెండింటి నడుమ లక్షలాది మంది రోజూ పొద్దున లేచి పనికి వెళుతున్నారు. రేపటి నడకలో మీరు వెతకవలసింది వాళ్లను.

మొదట కడుపు సంగతి చూద్దాం. ఖాళీ కడుపుతో చరిత్ర తలకెక్కదు. నయాపుల్ దాటి మదీనా చౌరస్తా చేరేసరికి హోటళ్లలో నహారీ సిద్ధంగా ఉంటుంది. అరబ్బీలో 'నహార్' అంటే పగలు. రాత్రంతా సన్నని సెగ మీద పాయా, నాలుక మాంసం ఉడికి ఉడికి తెల్లవారేసరికి చిక్కని రసం అవుతుంది. దానిలో కుల్చా గానీ నాన్ గానీ ముంచుకుని తింటారు. తొలుత ఇది పొద్దున్నే బరువు పని మొదలుపెట్టే కూలీల ఆహారం. ఇప్పుడు కార్లలో వచ్చి తినే వారూ ఉన్నారు, సంతోషం. అయితే ఆ దేగ్ పక్కన రాత్రంతా మేలుకున్న మనిషి ఒకడు ఉంటాడు. మీరు తినే వేళకు అతను గోడ వారగా పడుకుని ఉంటాడు. కొంచెం నెమ్మదిగా మాట్లాడండి.

నహారీ ఇష్టం లేనివారికి ఖిచిడీ, ఖీమా, ఖట్టా దొరుకుతాయి. ఆ పైన ఇరానీ చాయ్. డికాక్షన్ ఒక పాత్రలో, చిక్కగా మరిగిన పాలు మరొక పాత్రలో ఉంటాయి. కప్పులో పోసేటప్పుడే రెండూ కలుస్తాయి.  ఇరాన్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు మనకు ఇచ్చిన అలవాటు ఇది. వలస వచ్చినవాడిని అనుమానంగా చూసే ఈ రోజుల్లో, ఊరంతా పొద్దున్నే తాగే చాయ్ వలస వచ్చినవాడిదేనని గుర్తుంటే మంచిది.

మదీనా చౌరస్తాలో నిలబడి ఆ పెద్ద భవనాన్ని తలెత్తి చూడండి. దాని కింద బట్టల దుకాణాలు, హోటళ్లు ఉన్నాయి. అలాదీన్ కుటుంబం వక్ఫ్‌గా ఏర్పాటు చేసిన ఆస్తి అది. అరబ్బు దేశాలకు చమురు సంపద రాకముందు రోజుల్లో ఈ దుకాణాల అద్దె సొమ్ము మదీనా నగరానికి వెళ్లేది. ఇవాళ మన పిల్లలు కూలి కోసం గల్ఫ్‌కు వెళ్తున్నారు. ఒకప్పుడు హైదరాబాద్ అద్దెలు ఆ నేలలోని పేదలకు అన్నం పెట్టాయి. వక్ఫ్ అంటే సమాధులు, బీడు భూములు అనుకునే మన యువకులకు ఈ భవనం మంచి పాఠం. బాగా నడిపితే ఒక వక్ఫ్ ఆస్తి సముద్రం దాటి మేలు చేయగలదు.

అక్కడి నుంచి పత్థర్‌గట్టీ మొదలవుతుంది. రోడ్డుకు రెండు వైపులా రాతి కమానులు, వాటి కింద నడవడానికి నీడ, లోపల ముత్యాల దుకాణాలు, షేర్వానీ దుకాణాలు, అత్తరు దుకాణాలు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరాన్ని ముంచెత్తింది. ఆ వరద తర్వాత 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఇరుకు సందులను వెడల్పు చేసి అది కట్టించిన బజారు ఇది. దీన్ని ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, రోడ్ల విస్తరణ ఈ నగరానికి కొత్త కాదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు దుకాణదారుడికి అక్కడే చోటు చూపించవచ్చనీ, పైగా ఎండ తగలకుండా కొనుగోలుదారుడికి నీడ కూడా కల్పించవచ్చనీ వందేళ్ల కిందటే ఈ రాళ్లు రుజువు చేశాయి.

పత్థర్‌గట్టీ వెనకవైపు సందులో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉంది. చార్మినార్ కట్టిన కొద్ది ఏళ్లకే ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా దీన్ని కట్టించాడు. లోపలి గోడల మీద రంగురంగుల పలకలతో చేసిన పనితనం చూస్తే కళ్లు తిప్పుకోలేరు. గోడల కింది భాగం మాత్రం వేరుగా కనిపిస్తుంది. అక్కడ పలకలు లేవు, రంగుతో వేసిన బొమ్మలున్నాయి. 1908 వరదలో పాడైన చోట అలా పూరించారు. వరద నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో గోడే చెబుతుంది. ఇంతకన్నా నమ్మకమైన పంచనామా నా ఉద్యోగ జీవితంలో చూడలేదు.

తర్వాత మచిలీ కమాన్ కింద నుంచి వెళితే గుల్జార్ హౌజ్ వస్తుంది. నాలుగు దిక్కులా నాలుగు కమానులు. ఉత్తరాన మచిలీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, పడమర షేర్-ఎ-బాతిల్ కమాన్. ఇవి 1592 నాటివి. నడిమధ్యన నీటి తొట్టి. వాహనాల రొదలో చాలామంది దాన్ని గమనించకుండానే దాటిపోతారు. ఈ చుట్టుపక్కల వెండి పని, బంగారం పని చేసే ఇళ్లు ఉన్నాయి. వెండిని తోలు పొరల మధ్య పెట్టి సుత్తితో గంటల తరబడి కొట్టి, ఊదితే ఎగిరిపోయే రేకుగా మార్చే 'వరఖ్' పని ఒకప్పుడు ఈ సందుల్లో పొద్దంతా వినిపించేది. యంత్రాలు వచ్చాక ఆ చప్పుడు బాగా తగ్గింది. ఎక్కడైనా ఇంకా వినిపిస్తే ఆగి చూడండి. ఆ పనివాడి భుజం ఎలా ఉందో కూడా చూడండి.

ఇక చార్మినార్. 1591లో, హిజ్రీ వెయ్యో సంవత్సరంలో ముహమ్మద్ ఖులీ కట్టించాడు. నగర నిర్మాణానికి రూపురేఖలు దిద్దినవాడు ఆయన పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ. గడియారాలు తర్వాత వచ్చాయి, 1889లో అమర్చారు. పై అంతస్తులో మస్జిద్ ఉంది. ప్లేగు ఆగినందుకు కట్టారని కొందరు, హిజ్రీ సహస్రాబ్దికి గుర్తుగా కట్టారని కొందరు అంటారు. గైడు మీకు ఏదో ఒకటి చెబుతాడు, వినండి. నేను వేరే సంగతి చెబుతాను.

ముహమ్మద్ ఖులీ తండ్రి ఇబ్రహీం ఖుతుబ్ షాను తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని పిలిచారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానము'ను ఆయనకే అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యం, పొన్నెగంటి తెలగన రాసిన 'యయాతి చరిత్ర', ఖుతుబ్ షాహీ కొలువులోని అమీన్ ఖాన్‌కు అంకితం. అంటే చార్మినార్‌ను కట్టినవారి ఇంట్లోకి తెలుగు దొంగచాటుగా రాలేదు, ముందు వాకిలి నుంచే వచ్చింది. అదేవిధంగా ఆ ఇంటి భాష మన కచేరీల్లోకి వచ్చింది. దస్తావేజు, రసీదు, నకలు, హామీ, వకీలు, జప్తు, సిఫార్సు. ఈ మాటలు లేకుండా ఒక్క రోజు తెలుగులో సర్కారు ఉద్యోగం చేసి చూపించమని నా సహోద్యోగులతో పందెం కాసేవాణ్ణి. ఎవరూ గెలవలేదు. తెలుగు మాట్లాడే ముస్లిం అనగానే ఎవరైనా వింతగా చూస్తే మీరు నొచ్చుకోవలసిన పని లేదు. శాలిబండ దగ్గర అక్కన్న మాదన్నల పేరు మీద గుడి ఉంది. తానీషా కొలువులో మంత్రులుగా ఉన్న అన్నదమ్ములు వాళ్లు. ఆషాఢంలో బోనాలు ఈ వీధుల్లోంచే వెళతాయి. ఇక్కడి పొరుగుతనం చాలా పాతది. దాన్ని చెడగొట్టే ప్రయత్నాలు మాత్రం కొత్తవి.

చార్మినార్ చుట్టూ తోపుడు బండ్ల మీద పండ్లు, గాజులు, బట్టలు అమ్మేవారిని చూస్తారు. 'వీళ్లు లేకపోతే ఎంత అందంగా ఉండేదో' అనే మాట మీ చెవిన పడుతుంది. మీలోనే ఎవరో అనవచ్చు కూడా. పథ విక్రేతల చట్టం 2014లో వచ్చింది. సర్వే పూర్తి చేసి, అర్హులకు ధ్రువపత్రం ఇవ్వనిదే ఎవరినీ తొలగించరాదని అది చెబుతోంది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం నలభై శాతం మంది సభ్యులు ఆ విక్రేతల నుంచే రావాలి. వారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. ఈ సంగతి నేను అడిగిన బండ్లవారిలో చాలా కొద్దిమందికే తెలుసు. పండ్లు కొనేటప్పుడు 'ధ్రువపత్రం ఉందా అన్నా, సర్వే జరిగిందా' అని మర్యాదగా అడగండి. మీ ఊరి సంత దగ్గర, బస్టాండు దగ్గర కూడా ఇదే చట్టం వర్తిస్తుంది. తిరిగి వెళ్లాక అక్కడా అడగండి.

పడమర వైపు లాడ్ బజార్. పెళ్లి ఉన్న ఇల్లు ఏదైనా ఇక్కడికి రాక తప్పదు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకుముందు 2010లో హలీమ్‌కు వచ్చింది. మనకు గర్వకారణమే. అయితే గాజు ఎలా తయారవుతుందో తెలుసుకోండి. లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరిచి, పిసికి, సన్నగా సాగదీసి, వలయంగా చుడతారు. మళ్లీ వేడిచేసి, మెత్తగా ఉన్నప్పుడే ఒక్కో రాయిని చేత్తో అతికిస్తారు. రాళ్లు అతికే పని ఎక్కువగా ఇళ్లలో ఆడవాళ్లు చేస్తారు. కూలి లెక్క జతకింత. దుకాణంలో దీపాల వెలుగులో మెరిసే గాజు ఎక్కడ పుట్టిందంటే, ఒక గదిలో, తక్కువ వెలుతురులో, కళ్లు చికిలించి పనిచేసే చెల్లెలి ఒడిలో.

ఇంకొక చేదు సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 2015 జనవరిలో భవానీనగర్ ప్రాంతంలోని గాజుల కార్ఖానాల నుంచి రెండు వందల మందికి పైగా పిల్లలను పోలీసులు విడిపించారు. వాళ్లలో ఎక్కువమంది బీహార్ నుంచి తెచ్చిన పిల్లలు. పొగలో, వేడిలో, తలుపులు మూసిన గదుల్లో పనిచేసిన పిల్లలు. మన మీద జరిగే అన్యాయాన్ని లోకానికి చెప్పుకునే మనం, మన వీధిలో జరిగినదాన్ని చెప్పడానికి సంకోచించరాదు. ఆ పిల్లలూ పేద ఇళ్ల పిల్లలే. గాజులు కొనేటప్పుడు బేరం ఆడండి, అది మీ హక్కు. కానీ 'ఇంత చవకగా ఎలా ఇస్తున్నారు' అనే ప్రశ్న కూడా అడగండి. ఇళ్లలో పనిచేసే అక్కాచెల్లెళ్లు ఈ-శ్రమ్‌లో అసంఘటిత కార్మికులుగా నమోదు చేసుకోవచ్చు. ఇక్కడ పనిచేసే మన మహిళా కార్యకర్తలు ఆ నమోదే చేయిస్తున్నారు. రేపు మన సోదరీమణులను వాళ్ల వెంట రెండు ఇళ్లకు తీసుకెళతారు. ఫొటోలు తీయవద్దు. వాళ్లు చాయ్ ఇస్తే కాదనవద్దు.

మక్కా మస్జిద్‌కు జుహర్ వేళకు చేరుకుంటారు. 1617లో ముహమ్మద్ ఖుతుబ్ షా హయాంలో పునాది పడింది. 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఈ పని జరుగుతున్న కాలంలో చూసి రాశాడు. మిహ్రాబ్ రాయి ఒక్కదానిని కొండ నుంచి తొలవడానికి ఐదేళ్లు పట్టిందనీ, ఐదారు వందల మంది ఎడతెగకుండా పనిచేశారనీ, దానిని లాగడానికి 1,400 ఎడ్లు కావలసి వచ్చాయనీ అతనికి అక్కడివారు చెప్పారట. ఆ ఐదారు వందల మందిలో ఒక్కరి పేరు కూడా మనకు దొరకదు. సుల్తానుల పేర్లు పిల్లలు వల్లె వేస్తారు. రాయి కొట్టినవాడు ఏ ఊరివాడో, ఏ భాషవాడో, ఏ దేవుణ్ణి తలుచుకుని సమ్మెట ఎత్తాడో తెలియదు. ఆవరణ పక్కన ఆసఫ్‌జాహీ పాలకుల సమాధులు వరుసగా ఉన్నాయి.

ఇదే ఆవరణలో 2007 మే 18న, శుక్రవారం నమాజు వేళ బాంబు పేలింది. తొమ్మిది మంది చనిపోయారు. తర్వాత బయట పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు చనిపోయారు. ఆ పైన చుట్టుపక్కల బస్తీల నుంచి మన యువకులనే పట్టుకెళ్లారు. వాళ్లు న్యాయస్థానాల్లో నిర్దోషులుగా తేలడానికి ఏళ్లు పట్టింది. తర్వాత వేరే నిందితుల మీద నడిచిన కేసు కూడా 2018 ఏప్రిల్‌లో ఐదుగురి విడుదలతో ముగిసింది. ఆ రోజు నమాజుకు వచ్చి తిరిగి ఇంటికి వెళ్లనివారికి న్యాయం ఎక్కడ ఆగిపోయిందో ఏ దస్త్రమూ చెప్పదు. వజూ చేసుకునే తొట్టి దగ్గర కూర్చున్నప్పుడు వారికోసం దుఆ చేయండి.

ఎదురుగా యునానీ ఆసుపత్రి. ఏడవ నిజాం కాలంలో కట్టించిన అందమైన భవనం. సందర్శకులు దాని గుమ్మటాలను ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. లోపల వరుసలో కూర్చున్నవారిని చూడరు. అక్కడికి మోకాళ్ల నొప్పులతో, పాత దగ్గుతో వచ్చే ముసలివాళ్లలో అన్ని మతాలవారూ ఉంటారు. వైద్యం కోసం అప్పు చేయలేని వారికి అదే దిక్కు. లోపల ఒక పది నిమిషాలు కూర్చోండి.

చివరిగా పురానీ హవేలీ వైపు వెళతారు. అటువైపే మున్షీ నాన్ పుట్టింది, 1851లో. 'మున్షీ' అంటే గుమాస్తా. నిజాం కచేరీలో మున్షీగా పనిచేసిన ఒకాయన రొట్టెల బట్టీ పెట్టాడు. ఆ పేరే రొట్టెకు నిలిచింది. గుమాస్తాల పేరు నిలిచిన సందర్భాలు లోకంలో బహు తక్కువ కాబట్టి, ఆ నాలుగు మూలల నాన్ అంటే నాకు కొంచెం పక్షపాతం. తందూరు గోడకు అంటించి, కాలాక కడ్డీతో లాగి తీస్తారు. వేడిమీదే తినాలి.

ఇప్పుడు ఆ దారి వెంటే మెట్రో రైలు పని జరుగుతోంది. మహాత్మా గాంధీ బస్ స్టేషన్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు సుమారు ఏడున్నర కిలోమీటర్లు. 2025 జనవరి నుంచి ఇళ్లు, దుకాణాలు కూల్చడం మొదలైంది. నేను మెట్రోకు వ్యతిరేకిని కాను. పాతబస్తీ పిల్ల కాలేజీకి వెళ్లాలంటే రెండు బస్సులు మారుతోంది, ఆమెకు రైలు రావాలి. నా బాధ వేరు. యజమాని దగ్గర పత్రం ఉంటుంది, పరిహారం అందుతుంది. మూడు తరాలుగా పగిడీ మీద దుకాణం నడిపిన కిరాయిదారు దగ్గర ఏముంది? నోటి మాట ఉంది. అతని దగ్గర కుట్టుపని చేసే దర్జీ దగ్గర అదీ లేదు. 2013 భూసేకరణ చట్టం, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ చోటును నమ్ముకుని బతుకుతున్న కుటుంబాన్ని కూడా ప్రభావిత కుటుంబంగానే గుర్తిస్తోంది. కానీ మూడేళ్లుగా ఉన్నానని చూపించాలి కదా. కరెంటు బిల్లు, అద్దె రసీదు, లేబర్ లైసెన్సు, బ్యాంకు పుస్తకం, చివరికి పాల ఖాతా చీటీ అయినా సరే. ఇవి చెత్తబుట్టలో వేసే వస్తువులు కావు. ఒక ముసలి దర్జీ ఇరవై ఏళ్ల అద్దె రసీదులను బిస్కెట్ డబ్బాలో దాచి తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ డబ్బాను చూసి నేను సలాం చేశాను.

వక్ఫ్ విషయంలోనూ ఇదే మాట. 2025 సవరణ చట్టం, చిరకాల వాడుక ఆధారంగా ఒక ఆస్తిని వక్ఫ్‌గా గుర్తించే పద్ధతిని ఇకముందుకు తొలగించింది. అంతకుముందే నమోదై, ప్రభుత్వంతో గానీ ఇతరులతో గానీ వివాదం లేనివి కొనసాగుతాయి. దాని మీద న్యాయపోరాటం పెద్దలు చేస్తున్నారు. మీరూ నేనూ చేయగలిగింది మీ ఊరి మస్జిద్, ఖబరస్తాన్, ఆషూర్‌ఖానా, దర్గా పేర్లు గెజెట్‌లో ఉన్నాయా, సర్వే నంబరు సరిపోతోందా, ముంతఖబ్ నకలు చేతిలో ఉందా అని చూడటం. తండ్రులు నమాజు చదివిన చోటే కదా, ఎవరు కాదంటారు అనే ధీమా ఇక చెల్లదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు ఉంది. ఒక కార్యాలయంలో ఒక నకలు కోసం నన్ను పదకొండుసార్లు తిప్పారు. పన్నెండోసారి ఇచ్చారు.

రంజాన్ నెలలో వచ్చి ఉంటే హలీమ్ గురించి కూడా చెప్పేవాణ్ణి. గోధుమలు, మాంసం, పప్పులు పగలంతా బట్టీ మీద ఉడుకుతుంటే, పొడవాటి కర్రలతో ఘోటా కొట్టేవాళ్లు ఉపవాసంతోనే కొడతారు. హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బులు తెచ్చిన హరీస్ దానికి మూలం. వాళ్ల వారసులు ఇప్పటికీ బార్కస్‌లో ఉన్నారు. అక్కడ హరీస్ ఏడాది పొడవునా దొరుకుతుంది. రేపు సమయం మిగిలితే నిర్వాహకులను అడగండి, నేను అడిగానని చెప్పవద్దు.

ఇక ఏర్పాట్ల సంగతి. మదీనా చౌరస్తాలో ఆరున్నరకు అందరూ ఉండాలి. నీళ్ల సీసా, చిన్న నోటు పుస్తకం తెచ్చుకోండి. రద్దీలో చరవాణులు జాగ్రత్త. నకలు కోసం పెట్టే దరఖాస్తు నమూనాలు తెలుగులోనూ ఉర్దూలోనూ తయారుచేసి వెనక బల్ల మీద పెట్టాను. వెళ్లేటప్పుడు ఒక్కొక్కరు రెండేసి తీసుకోండి. ఒకటి మీకు, ఇంకొకటి మీ ఊరి మస్జిద్ కమిటీకి. చాలకపోతే చెప్పండి, రాత్రికి మళ్లీ జిరాక్సు తీయిస్తాను.